వేసవిలో శ్రమనియమము



ఈ పఠనమందిర వార్షికోత్సవ సభయందు గ్రీష్మకాల ఆరోగ్యమును గూర్చి ప్రసంగింపుమని నిర్వాహకులు నన్ను కోరిరి. ఎండలో తిరుగవలదు, చల్లని పట్టున నుండుడు అను రెండు మాటలతో ముగియదగిన విషయమున కింత సభ యేల యని కొందరు మిత్రు లడిగిరి. నీడలో కూర్చుండి జీవింపగలవారికి ఆ రెండు మాటలును చాలును. కాని నాగలి పట్టువానికి, ఇటుకలు మోయువానికి, రోడ్డుపై కంకర పరచు స్త్రీకి, మూటలెత్తు హమాలీకి ఎండలో తిరుగవలదని చెప్పుట, ఆ పూట అన్నము తినవలదని చెప్పుటయే యగును. నీడపట్టున నుండువారు సైతము మూడు నెలలపాటు కదలక మెదలక కూర్చుండిరేని, వారి దేహము సడలి, ఎండను తాళు శక్తియే నశించును. కావున వేసవిలో శ్రమను ఏ వేళ, ఏ మేర, ఏ రక్షణతో చేయవలెనను విషయమునే నేడు మీ ముందుంచ దలచితిని.

మొదట దేహధర్మమును కొంచెము విచారింతము. ఆరోగ్యవంతుని దేహోష్ణము దాదాపు 37 డిగ్రీల వద్ద నిలిచియుండును. కండరములు పనిచేయునపుడు వ్యయమగు శక్తిలో నాలుగవ వంతుకు మించి పనిగా పరిణమింపదు. మిగిలినదంతయు వేడిగా మారి దేహముననే చేరును. గాలి చర్మముకంటె చల్లగా నున్నంతవరకు ఆ వేడి గాలిలోనికి పోవుచుండును. గాలియే చర్మముకంటె వేడెక్కిన మధ్యాహ్నవేళలో మనకు మిగులు మార్గము చెమట యొక్కటియే. ఒక లీటరు చెమట చర్మముపై ఆవిరియైనచో సుమారు 580 కిలో కెలోరీల వేడిని తనతో కొనిపోవును. కాని బొట్లుబొట్లుగా నేల రాలిన చెమట చల్లదనమునీయదు. ఆవిరియైన చెమటయే చల్లదనము నిచ్చును. కిటికీలో పెట్టిన మట్టికూజాను చూడుడు. దాని సూక్ష్మరంధ్రముల గుండ నీరు చెమర్చి, గాలికి ఆవిరియై, లోని నీటిని చల్లబరచును. ఆ కూజానే గాలి చొరని మూల నుంచినచో చెమర్పు చెమర్పుగానే నిలిచి, నీరు వెచ్చగానే యుండును. మన దేహమును అట్టిదే. అందువలననే, 45 డిగ్రీలు దాటు దినములను చూచిన రెంటచింతలలోను రామగుండములోను పొడిగాలికి చెమట కనబడకయే యారిపోవుచుండగా, అంతకు తక్కువ వేడిమిగల మచిలీపట్నములో సముద్రపు తేమచేత అది యారక, మనిషి ఉక్కపోతతో నలిగిపోవును. మొదటి చోట తెలియకయే నీరు తరిగిపోవుట ప్రమాదము. రెండవ చోట నీరున్నను చల్లబడలేకపోవుట ప్రమాదము. కావున డిగ్రీల లెక్క యొక్కటే చూచి ధైర్యపడరాదు. మిక్కిలి వేడిగాలిలో పొడి చర్మముపై ఫ్యాను వేడినే విసరును. తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకొని దానిముందు కూర్చున్ననే ఫలము కలుగును.

మన పెద్దలకు ఈ భౌతికశాస్త్రపరిభాష లేకున్నను అనుభవము పుష్కలముగా నుండెను. వాగ్భటుడు అష్టాంగహృదయమున, బలవంతుడైనను చలికాలమందును వసంతమందును తన శక్తిలో సగము మేరకే వ్యాయామము చేయవలెననియు, తక్కిన కాలములందు అంతకంటె మందముగా చేయవలెననియు నియమించెను. గ్రీష్మమునకు వచ్చుసరికి వ్యాయామమును, ఎండను, ఉప్పు పులుపు కారములను వర్జింపుమని చెప్పి, ఇతర ఋతువులలో తగదన్న పగటినిద్రను ఈ ఋతువున అనుమతించెను. మన పంచాంగములు మే నెల మొదటి వారమున డొల్లుకర్తరియు, పిమ్మట నిజకర్తరియు ప్రవేశించినవని చెప్పి, నెలాఖరు వరకు మట్టిపనులు, నూతులు త్రవ్వుట, గృహారంభము వలదని నిషేధించుచున్నవి. రోళ్ళు పగులునని లోకము చెప్పుకొను రోహిణికార్తె ప్రవేశించు దినములవి. ఈ నిషేధమునకు జ్యోతిషము చెప్పు కారణమేదైనను, దానివలన గునపము పట్టు కూలివానికి ఏడాదిలో నెల్ల క్రూరమైన ఎండలో కొంత విశ్రాంతి లభించినదనుట నిస్సంశయము. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదయందు విష్ణుచిత్తుడు వేసవిలో అతిథులకు పెట్టిన భోజనమును వర్ణించుచు పలుచని అంబలిని, చెఱకురసమును, కొబ్బరినీళ్ళను, నీరుమజ్జిగను పేర్కొనెను. ఐదువందల ఏండ్లు గడచినను ఆ పట్టికలో మార్చవలసినది కనబడదు.

ఇక శ్రమను గూర్చి. ఎండకు దేహము అలవాటుపడును. అది క్రమముగా జరుగవలసిన పని. దినదినము కొంతసేపు వేడిలో మితముగా శ్రమించినవానికి పది పదునాలుగు దినములలో చెమట ముందుగా పట్టును, ఎక్కువగా పట్టును, ఆ చెమటలో ఉప్పు తగ్గును, రక్తములోని ద్రవభాగము పెరిగి గుండెవేగము నెమ్మదించును. కొన్ని వారములు నీడపట్టున గడిపినచో ఈ లాభమంతయు కరగిపోవును. అందువలననే ఎండపనిలో క్రొత్తగా చేరిన మొదటి దినములు మిక్కిలి ప్రమాదకరములు. అట్టివానికి మొదటి దినమున పూర్తిపనిలో ఐదవ వంతు మాత్రమే యిచ్చి, ప్రతిదినము మరియొక ఐదవ వంతు పెంచుచు పోవుట క్షేమకరము. వారమంతయు ఏసీ గదిలో కూర్చుండి ఆదివారము మిట్టమధ్యాహ్నము క్రికెట్టాటకు దిగు యువకుడును ఆ క్రొత్త కూలివంటివాడే. వ్యాయామము కోరువారు సూర్యోదయవేళనే నడచి, ఎండ తీక్షణము కాకమునుపే ఇల్లు చేరవలెను. ప్రక్కవానితో రొప్పక మాటలాడగలిగినంత వేగము చాలును. వృద్ధులు వసారాలోనే నడువవచ్చును. పిల్లలకు ఈతను మించిన వేసవి వ్యాయామము లేదు. కాని ఈత తెలిసిన పెద్దవా డొకడు గట్టున నిలువనిదే వారిని నూతికిగాని చెరువుకుగాని పంపరాదు.

నీటిని గూర్చి ఒక మాట. దాహము ఆలస్యముగా మేల్కొను కావలివాడు. ఎండలో పనిచేయువాడు దాహమునకై వేచియుండక, పావుగంటకో యిరువది నిమిషములకో యొకసారి గ్లాసెడు నీరు త్రాగవలెను. మూత్రము ముదురు పసుపురంగున వచ్చినచో నీరు చాలలేదని తెలియవలెను. గంటలకొలది చెమటోడ్చినవానికి వట్టి నీరే కుండలకొలది పోయుటయు మంచిది కాదు. చెమటతో ఉప్పును పోయినది గదా! ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, రాగి అంబలి, గంజి ఈ లోటును తీర్చును. ఏదియు లేనిచో లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కలిపి త్రాగవలెను. రక్తపోటునకు, గుండెజబ్బునకు, మూత్రపిండముల వ్యాధికి మందులు వాడువారు మాత్రము నీటి, ఉప్పుల పరిమాణమును వైద్యు నడిగి తెలిసికొనవలెను.

వడదెబ్బ ఆనవాళ్ళు ప్రతివారు నెరిగియుండవలెను. పిక్కలు పట్టుట, తల తిరుగుట, వికారము, విపరీతమైన చెమట కనబడినచో పని యాపి, నీడకు చేర్చి, పరుండబెట్టి, ఉప్పునీరో మజ్జిగయో పట్టవలెను. మాట తడబడి, నడక తూలి, స్పృహ తప్పి, ఒళ్ళు పెనమువలె కాలుచున్నచో అది ప్రాణాపాయము. అట్టి స్థితిలో చెమట పట్టుచున్నను సరే, వడదెబ్బ కాదని భ్రమపడరాదు. 108కి ఫోను చేసి, బండి వచ్చులోపల ఊరకుండక, బట్టలు వదులుచేసి, ఒంటిపై నీరు గుమ్మరించి, విసరుచుండవలెను. చల్లబరచుటయే మొదటి చికిత్స. స్పృహలేనివాని నోట నీరు పోయరాదు. జ్వరపు మాత్రలు ఈ వేడిని దింపజాలవు.

సభాసదులారా! ఇంతవరకు చెప్పినదంతయు తన వేళను తాను నిర్ణయించుకొనగలవానికి సులభము. 2015 మే నెలలో వడగాడ్పులకు ఆంధ్రప్రదేశమున వేయిమందికి పైగా, తెలంగాణమున వందలమంది మరణించిరి. వారిలో అనేకులు వృద్ధులు, ఆరుబయట పనిచేయు పేదలు. మధ్యాహ్నము రెండు గంటలకు ఎండలో నుండకూడదని ఆ కూలివానికి తెలియక కాదు. ఆ వేళను నిర్ణయించినవాడు మేస్త్రీ, ఆ మేస్త్రీని నియమించినవాడు కాంట్రాక్టరు, ఆ కాంట్రాక్టరును తొందరపెట్టినవారము ఇల్లు కట్టించుకొను మనము. పనిచోట త్రాగునీరు, నీడ, ప్రథమచికిత్స పెట్టె యుండవలెనని 2005 నాటి ఉపాధిహామీ చట్టము విధించినది. ప్రభుత్వపు పనికి తగినది మన యింటి పనికి ఎందుకు తగదు?

కాబట్టి మీ కొక ప్రార్థన. మీ ఇంట గోడ కట్టువారిని ఆరు గంటలకే పనికి రమ్మని, పదకొండు గంటలకు విడిచి, కావలసినచో సాయంకాలము మరల పిలువుడు. కూలి మాత్రము తగ్గింపకుడు. నీడకొక గోనెపట్టా పందిరియైనను వేయించి, ఒక కుండ మజ్జిగ నుంచుడు. ఈ పఠనమందిరము ఎదుట బస్సులు ఆగుచోట చైత్రము మొదలుకొని తొలకరి పడువరకు చలివేంద్ర మొకటి నడుపుటకు ఈ సభయే తీర్మానింపవలెనని కోరుచున్నాను. దానికి కావలసిన కుండలకు, మొదటి నెల మజ్జిగకు అగు వ్యయమును నేను భరింతును. తక్కిన నెలలకు మీలో ఎవరు ముందుకు వత్తురో, అధ్యక్షులవారు ఇప్పుడే పేర్లు వ్రాసికొందురు గాక.