బ్లాక్‌బెర్రీలో పురుగు

అమెరికాలో పెరట్లో బ్లాక్‌బెర్రీ పెంచుకునే మనవాళ్లకు ఈ నాలుగు మాటలు. పండు చూడ్డానికి నిగనిగలాడుతుంది, ముట్టుకుంటే చితికిపోతుంది. ఇది మచ్చల రెక్కల ఈగ పని. 2008లో కాలిఫోర్నియాలో బయటపడింది. రెక్కమీద నల్లచుక్క మగదానికే. అసలు దొంగ మాత్రం ఆడది. మామూలు పండు ఈగలు కుళ్లినవాటి చుట్టూ మూగుతాయి. ఇది రంపంలాంటి పళ్లున్న గొట్టంతో పక్వానికొస్తున్న పండునే కోసి, లోపల గుడ్లు పెడుతుంది. అనుమానముంటే నాలుగు పండ్లు నలిపి ఉప్పునీళ్లలో వేయండి. కాసేపటికి తెల్లని పురుగులు తేలతాయి. పురుగు లోపల చేరాక మందు కొట్టి లాభం లేదు. కాయ కట్టగానే సన్నటి వల కప్పండి. రోజు విడిచి రోజు పండ్లు కోసి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి. రాలినవాటిని ఎరువుగుంతలో వేయకండి. ప్లాస్టిక్ సంచిలో బిగించి ఎండలో పడేయండి.