టమోటా: పెంపకం, మాగబెట్టడం, వాడకం
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి మాట్లాడుకోవలసిన సభలో టమోటా గురించి చెప్పమని కార్యదర్శిగారు కోరారు. బకాయిలు వచ్చినప్పుడు వస్తాయి. టమోటా రోజూ కంచంలో ఉన్నదే.

మన పత్తికొండ మార్కెట్టులో కిలో రూపాయికి కూడా అడిగేవాడు లేక రైతులు గంపలకు గంపలు రోడ్డుపై పారబోసిన రోజులు పలుమార్లు వచ్చాయి. 2023 జూలైలో అదే కిలో 100 రూపాయలు దాటింది. ఈ రెంటి మధ్య నలిగేది రైతూ, లెక్కపెట్టిన పింఛనుతో బతికే మనమూ. అందుకే మిద్దెపై నాలుగు కుండీలు పెట్టుకొమ్మని మనవి.

ఎండాకాలంలో చెట్టు నాటి, పూత నిలవలేదని బాధపడేవారున్నారు. చెట్టు తప్పేమీ లేదు. పగటి వేడి 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే పుప్పొడి చెడి పూత రాలుతుంది. కర్నూలు, కడపల్లో మే నెలలో 40 దాటడం మామూలే కదా! సెప్టెంబరు మొదట్లో నారు పోసి, 25-30 రోజుల మొక్కలు నాటితే సంక్రాంతికి ముందే కాయ చేతికొస్తుంది. ఒకరోజు ముంచి మూడు రోజులు ఎండగడితే మాత్రం కాయ అడుగున నల్లగా కుళ్లుతుంది. అది తెగులు కాదు, నీటి ఒడిదుడుకుల వలన కాయకు కాల్షియం అందకపోవడం. మందు కొట్టి లాభం లేదు. రోజూ ఉదయం కొద్దికొద్దిగా నీరు పోసి, మొదట్లో చెనిక్కాయ పొట్టు కప్పండి.

ఇక మాగబెట్టడం. చెట్టు మీద పూర్తిగా పండితేనే రుచి అని మనలో చాలామందికి పట్టుదల. చల్లని ప్రాంతాలకు అది సరే. వేడి 32 డిగ్రీలు దాటితే ఎరుపునిచ్చే లైకోపీన్ సరిగా తయారుకాదు, కాయ పసుపుపచ్చగానే ఉండిపోతుంది. ఎండ తగిలిన వైపు తెల్లబారి బొబ్బెక్కుతుంది. ఉడతల సంగతి సరేసరి. అందుచేత కాయ అడుగున లేత గులాబీ రంగు తిరగగానే కోసేయండి. ఆ దశకు వచ్చిన కాయ తనకు కావలసిన ఇథిలీన్ వాయువును తానే పుట్టించుకొని, ఇంట్లో నీడపట్టున వారం రోజుల్లో పండుతుంది. కిటికీలో ఎండకు పెట్టనక్కరలేదు. తొందరైతే కాగితపు సంచిలో ఒక అరటిపండు తోడు పెట్టండి. ఫ్రిజ్జులో పెట్టిన పచ్చికాయ సరిగా మాగదు, రుచీ పోతుంది. బాగా పండినవి మిగిలితే రెండు మూడు రోజులు పెట్టుకోవచ్చు. ఇంత సులువైన పనికి కార్బైడు ఎందుకో నాకు అర్థం కాదు! కార్బైడుతో పండ్లు మాగబెట్టడాన్ని 2011 ఆహార భద్రతా నిబంధనలు నిషేధించాయి.

తినేముందు ధారగా పడే నీటిలో కడగండి, సబ్బు వద్దు. బూజు పట్టిన ముక్క కోసేసి మిగతాది వాడుకునే పొదుపు మన తరానిది. మెత్తని పండులో బూజు కంటికి కనిపించేదానికంటే లోతుకు పోతుంది, పారవేయండి. చారు అల్యూమినియం గిన్నెలో రాత్రంతా ఉంచవద్దు. సంగటిలోకి పచ్చికాయల ఊరిబిండి నిర్భయంగా చేసుకోవచ్చు. ఆకులు మాత్రం తినకూడదు.

మూత్రపిండాల్లో రాళ్లున్నాయని టమోటా పూర్తిగా మానేసినవారు మన సభ్యుల్లో ఉన్నారు. టమోటాలో ఆక్సలేటు తక్కువే, పాలకూరలో దానికి ఎన్నో రెట్లు. మన ఎండల్లో నీళ్లు చాలినన్ని తాగకపోవడమే రాళ్లకు పెద్ద కారణం. మూత్రపిండాల పనితీరు తగ్గి, రక్తంలో పొటాషియం పెరిగినవారి ఫైలు మాత్రం వేరు. 100 గ్రాముల టమోటాలో సుమారు 240 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది, చిక్కబరిచిన గుజ్జులో ఇంకా ఎక్కువ. బి.పి. మాత్రల్లో కొన్ని కూడా పొటాషియాన్ని పెంచుతాయి. అలాంటివారు రక్తపరీక్ష చూపించి, డాక్టరుగారు చెప్పిన మేరకే తినాలి.

నాటు రకం విత్తనాలు పొట్లాలు కట్టి తెచ్చాను. ద్వారం పక్కన బల్లపై ఉన్నాయి. దయచేసి ఇంటికి ఒక్కటే తీసుకోండి.