రెండు పక్షముల నడుమ రాయబారము

పట్టభద్రులారా,

1950 జూన్ 25న కొరియాలో యుద్ధము చెలరేగిన పిమ్మట ప్రపంచ విపణిలో ప్రత్తి ధర పైకెగసెను. కావున, ప్రత్తితో బ్రతుకు ఆదోనియు, మాచాని సోమప్పగారు నెలకొల్పిన సహకార సంఘము నీడన మగ్గము నేసిన ఎమ్మిగనూరును, దూరదేశపు యుద్ధము మనకేల యని పలుకదగిన ఊళ్లు కావు.

ఆ యుద్ధమును మాన్పుటకు మన దేశము చేసిన యత్నమును మీకు విన్నవింపగోరుదును. జూలై 13న నెహ్రూ స్టాలినునకును, అమెరికా విదేశాంగమంత్రి అచెసనునకును లేఖలు వ్రాసెను. చైనా ప్రజాప్రభుత్వమునకు భద్రతామండలిలో స్థానము లభించి, జనవరి నుండి సభకు రాక యున్న సోవియట్ ప్రతినిధి మరలివచ్చినచో సంధికి దారి యేర్పడునని వాని సారాంశము. ఈ యత్నమునకై మాస్కోలో, ఒకప్పుడు ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఉపకులపతిగా నుండిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారును, పెకింగులో పణిక్కరుగారును, వాషింగ్టనులో విజయలక్ష్మీ పండిట్‌గారును మన రాయబారులుగా పాటుపడిరి. స్టాలిన్ రెండు దినములలోనే సమ్మతించెను. దురాక్రమణ విరమణమును చైనా స్థానముతో ముడిపెట్టరాదని అచెసన్ 18న నిరాకరించెను.

అంతకంటె బాధాకరమైనది అక్టోబరు వృత్తాంతము. చైనా ప్రధానమంత్రి చౌ ఎన్‌లై అర్ధరాత్రివేళ పణిక్కరును పిలిపించి, అమెరికా సేనలు ఉభయ కొరియాల నడుమనున్న 38వ అక్షాంశ రేఖను దాటినచో చైనా ఊరకుండదని చెప్పగా, ఆ మాట ఢిల్లీకిని, అటనుండి పాశ్చాత్య రాజధానులకును చేరెను. కాని పణిక్కరు పెకింగు పక్షపాతి యని శంకించిన వాషింగ్టను దానిని బెదిరింపుగా నెంచి త్రోసిపుచ్చెను. ఆ నెలలోనే చైనా సేనలు యాలూ నదిని దాటి కొరియాలో ప్రవేశించెను. యుద్ధము 1953 జూలై 27 వరకు సాగి లక్షలాది ప్రాణములను బలిగొనెను. వార్త సత్యమే, వార్తాహరుడు నిజము పలికినవాడే. వినువారికి విశ్వాసము లేకపోయెను. మధ్యస్థునికి సత్యమెంత అవసరమో ఉభయపక్షముల నమ్మకమును అంతే అవసరమని నా దృఢాభిప్రాయము. ఆ నమ్మకము యుద్ధము ముంచుకొనివచ్చిన నాడు సంపాదించుకొనదగినది కాదు.

భారతదేశము దానిని మెల్లమెల్లగా ఆర్జించెను. 1952 డిసెంబరు 3న ఐక్యరాజ్యసమితి సర్వసభ యుద్ధఖైదీలను గూర్చిన మన తీర్మానము నంగీకరించెను. 1953 అక్టోబరు 1న ఆదోని తాలూకా బళ్లారి జిల్లాను వీడి ఆంధ్రరాష్ట్రమున చేరిన దినములలో, కొరియాలో జనరల్ తిమ్మయ్య అధ్యక్షతన తటస్థరాజ్యముల సంఘము పనిచేయుచుండగా, స్వదేశమునకు మరల నిచ్చగింపని యిరువదిరెండువేలకు పైబడిన ఖైదీలకు మన సైనికులు కావలి కాయుచుండిరి. మూడేండ్లు పోరాడిన రెండు పక్షములును ఆ భారమును మన చేతికే యిచ్చినవి.

మీలో విదేశాంగసేవను కోరువారుందురు. 1950 జూలై నాటి ఆ లేఖలను, వాని ప్రత్యుత్తరములను ఒక్కసారి శ్రద్ధతో చదువుడని మిమ్ము ప్రార్థించుచున్నాను.