మాంద్యకాలమున మన మేస్త్రీలు, మన దుకాణములు
(ముంబయి తెలుగువారి సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



గృహనిర్మాణ వృత్తులలో నున్న మన కుటుంబములు మాంద్యకాలమును ఎట్లు దాటవలెనో నాలుగు మాటలు చెప్పుమని సంఘమువారు మమ్ము కోరినారు. మేము మెట్రిక్యులేషనుతో చదువు చాలించిన వర్తకులము. ఆర్థికశాస్త్రము నభ్యసించినవారము కాము. సిమెంటు, రంగులు, ఇనుపసామాను అమ్ము దుకాణపు గల్లా యొద్ద కూర్చుండి చూచినదియు, మేస్త్రీలతో లెక్కలు చూచుకొనునప్పుడు తెలిసికొన్నదియు మాత్రమే మీకు మనవి చేయుచున్నాము.

చేతిలో డబ్బు తగ్గినవాడు బియ్యము కొనుట మానడు. ఇల్లు కట్టుట మానును. కావున మాంద్యపు దెబ్బ మొట్టమొదట తగులునది మన వృత్తులకే. పైగా మన పని యొక గొలుసువంటిది. ఇల్లు కొనువాడు బిల్డరుకు, బిల్డరు కంట్రాక్టరుకు, కంట్రాక్టరు మేస్త్రీకి, మేస్త్రీ దుకాణమునకు, దుకాణదారు టోకు వర్తకునకు చెల్లించవలెను. పైనున్న యొక కొక్కెము ఊడినచో క్రిందివన్నియు జారిపోవును. అయినను శనివారపు బట్వాడా మాత్రము ఆగదు. కూలివాని యింటిలో పొయ్యి వెలుగవలెను గదా! పైవాడు మూడు నెలలు ఆపగలడు, క్రిందివాడు మూడు దినములు ఆగలేడు. చిక్కంతయు ఈ రెంటి నడుమ నున్నది.

ఈ నగరమున మనవారు ఇట్టి గండములను దాటుట క్రొత్త కాదు. నిజాము రాజ్యమునుండి వచ్చి కట్టడపు పనులు చేసిన కామాఠీల పేరనే కామాఠీపుర వెలసినది. 1861 మొదలు 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధము జరుగగా అచ్చటి ప్రత్తి ఇంగ్లండునకు చేరక బొంబాయి ప్రత్తికి విపరీతమైన ధర వచ్చెను. ఊరంతయు వాటాల వ్యాపారమున మునిగి, సముద్రమును పూడ్చి భూమి చేయుటకు కంపెనీలు పుట్టెను. 1865లో యుద్ధము ముగియగానే ప్రత్తి ధర పడిపోయెను. కంపెనీలును బ్యాంకులును కూలెను. వాటాలను నమ్మినవారు దివాలా తీసిరి. కాని ఆ తరువాతి సంవత్సరములలోనే ఈ నగరపు పెద్ద కట్టడములు లేచినవి. రాజాబాయి గడియారపు గోపురమునకు 1869లోను, హైకోర్టు భవనమునకు 1871లోను పని మొదలై రెండును 1878లో ముగిసినవి. ఆ యేడే బోరీబందరు స్టేషను పని ప్రారంభమైనది. దీని వలన తెలియున దేమి? మాంద్యమున పని మాయమై పోదు, చోటు మారును. ఒక చోట ఆగిన పని మరియొక చోట, మరియొక రూపమున నుండును. దానిని వెదకి పట్టుకొనువరకు బ్రదికి యుండుటయే నేర్పు.

మన కాలమున చూచితిమా, 2008లో అమెరికా బ్యాంకులు కూలిన యేడాది ఇచ్చట అనేక కట్టడములు సగములో నిలిచినవి. 2016 నవంబరు 8న పెద్ద నోట్లు రద్దుకాగా రొక్కముతో నడచు కూలిపనులు స్తంభించినవి. 2018లో ఒక పెద్ద ఆర్థిక సంస్థ బాకీలు చెల్లింపలేక పోవుటతో బిల్డర్లకు అప్పు పుట్టుట కష్టమైనది. 2020 మార్చి 25 నుండి దేశమంతయు మూతపడినది. పాలమూరు నుండి వచ్చిన కూలీలు సహితము మూటలు నెత్తిన పెట్టుకొని ఊళ్లకు నడచిరి. పండ్రెండేండ్లలో నాలుగు దెబ్బలు! అయిదవది ఎప్పుడు వచ్చునో యెవరును చెప్పలేరు. దీపముండగనే యిల్లు చక్కబెట్టుకొనుమన్నారు పెద్దలు. అందుచేతనే నేడీ మాటలు.

మొదటి మాట ధరను గూర్చి. పని తగ్గగానే మన మేస్త్రీలు ఒకరి కంటె నొకరు తక్కువ రేటు చెప్పుదురు. ఒక ఉదాహరణము చూడుడు. ఒక యింటి మరమ్మతు లక్ష రూపాయల పని యనుకొందము. సరుకునకు 52 వేలు, కూలికి 33 వేలు, గదియద్దె, పనిముట్లు, రాకపోకలు మొదలగు వానికి 8 వేలు పోగా మిగులునది 7 వేలు. పోటీకి జంకి పదివేలు తగ్గించినచో మూడువేలు నష్టము. అట్టివి పది పనులు చేసినచో ముప్పదివేలు ఇంటినుండి తెచ్చి పోసినట్లే. పని నిండుగా నున్నది, కడుపు నిండలేదు! అయితే ఊరక కూర్చుండుట మేలా? అదియు కాదు. సరుకు, కూలి కలిసి 85 వేలు. పని బొత్తిగా లేనప్పుడు 90 వేలకు ఒప్పుకొన్నను 5 వేలు గదియద్దెకైన వచ్చును, మనుష్యులు చెదరిపోకుందురు. అట్టి పని ఒకటి రెండు మాత్రమే చేయవచ్చును. 85 వేలకు దిగువ ఎన్నడును ఒప్పుకొనరాదు. ఈ రెండు హద్దులు కాగితముపై వ్రాసికొనక నోటిలెక్కతో రేటు చెప్పుటయే మనవారిని ముంచుచున్నది.

రెండవ మాట పనిని గూర్చి. మాంద్యమున క్రొత్త గోపురములు లేవవు గాని పాత యిండ్లు కురియుట మానవు. ముంబయి వాన ఎవరి కొరకును ఆగదు. ముప్పది యేండ్లు దాటిన కట్టడముల పటిష్ఠతను ఇంజనీరుచే పరీక్షింపజేసి ధ్రువపత్రము నీయవలెనని నగరపాలక చట్టమున నిబంధన గలదు. ఆ పరీక్ష జరిగిన ప్రతి చోట స్తంభములకు అతుకులు, డాబాకు నీరు చొరకుండ పూత, గొట్టముల మార్పు, గోడలకు గారె, రంగు అను పనులు పుట్టును. ఇవి చిన్న పనులే. కాని హౌసింగు సొసైటీవారు ముందుగా సొమ్ము ప్రోగుచేసి పని మొదలుపెట్టుదురు. ఆరు నెలలు ఆగవలసిన పెద్ద బిల్లుకంటె పదునైదు దినములలో వచ్చు చిన్న బిల్లు మాంద్యమున మేలు. నీటికారుట నాపు పనియు, పాత కాంక్రీటును బాగుచేయు పనియు మన పిల్లలు శ్రద్ధగా నేర్చుకొనవలెను. తాపీ పట్టిన చేతికి ఆ విద్య పట్టుబడుట ఎంతో సేపు కాదు.

మూడవ మాట బాకీలను గూర్చి. కంట్రాక్టు ముగిసిన తరువాత నూటికి అయిదు వంతున ఒక యేడాది పట్టి యుంచుట వాడుక. ఇరువది లక్షల పనికి అది లక్ష రూపాయలు. చాలమంది మేస్త్రీలకు మొత్తము లాభమే అది! బిల్డరు దివాలా తీసినచో ఆ లక్ష యేమగును? 2016 నాటి దివాలా చట్టము క్రింద బ్యాంకులును ఇండ్లు కొన్నవారును ఒక వరుసలో నుందురు. సరుకిచ్చినవారు, పనిచేసినవారు వేరొక వరుసలో, వెనుక నుందురు. పైగా 2020 మార్చి నుండి కోటి రూపాయలకు తక్కువ బాకీపై ఆ చట్టము క్రింద దరఖాస్తు వేయుటకే వీలులేదు. కావున బాకీ పెరుగక మునుపే మేలుకొనవలెను. వాయిదాల ప్రకారము డబ్బు రానిచో తరువాతి అంతస్తు పని మొదలుపెట్టరాదు. నోటిమాటతో చెప్పిన అదనపు పనికి ఆనాడే సంతకము తీసికొనవలెను.

చిన్న సంస్థలకు చట్టము కొంత అండ నిచ్చినది. 2006 నాటి చట్టము ప్రకారము ఉద్యమ్ నమోదు గల సూక్ష్మ, చిన్న సంస్థలు చేసి యిచ్చిన సరుకునకు, సేవకు 45 దినములలోపల చెల్లింపవలెను. వ్రాతపూర్వకమైన ఒడంబడిక లేనిచో గడువు 15 దినములే. గడువు దాటినచో రిజర్వు బ్యాంకు ప్రకటించు బ్యాంకు రేటునకు మూడురెట్ల వడ్డీ, నెలనెలకు చక్రవడ్డీగా ఈయవలెను. కిటికీల చట్రములు చేయువారు, కరెంటు పనివారు దీనిని తప్పక వినియోగించుకొనవలెను. సరుకుతో సహా మొత్తము కట్టడము చేయు కంట్రాక్టులపై న్యాయస్థానములలో వాదములు నడచినవి. అట్టివారు వకీలు నడిగి తెలిసికొనుట మంచిది. మావంటి కేవల వర్తకులకు ఈ బాకీల రక్షణ లేదు. 2021లో వర్తకులను ఉద్యమ్‌లో చేర్చినది బ్యాంకు అప్పుల నిమిత్తము మాత్రమే.

నాలుగవ మాట కొంచెము కటువుగా నుండును. అది అరువును గూర్చినది. మన దుకాణములు మన మేస్త్రీలకు నోటిమాటపై సరుకిచ్చుట తాతల నాటి ఆచారము. తెలుగుమాట ఒక్కటే అచ్చట హామీ. ఈ ఆచారము మనలను నిలిపినది. మాంద్యమున ఇదియే మునుగదీయును. నెలకు అయిదు లక్షల సరుకమ్ము దుకాణమునకు టోకువర్తకుడు 30 దినముల గడువిచ్చి, మేస్త్రీలు 90 దినములకు చెల్లించినచో, పది లక్షలు ఎల్లప్పుడును బయట నుండును. నూటికి ఏడాదికి 18 వంతున దాని వడ్డీ నెలకు 15 వేలు. నూటికి ఆరు వంతున దుకాణమునకు మిగులునది 30 వేలు. సగము వడ్డీకే చెల్లు!

2019లో శివారున ఒక పెద్ద బిల్డరు పని నిలిపివేయగా మన మేస్త్రీలు నలుగురు చిక్కుకొనిరి. వారి బాకీ మా దుకాణముపై పడినది. "సేటుగారూ, ఈ నెల జర ఆగుండ్రి" అని వచ్చిన ఆ పెద్దమనుష్యులను కూర్చుండబెట్టి చిట్టా, ఆవర్జా ముందు పెట్టితిమి. పాత బాకీ నంతయు పదునెనిమిది వాయిదాలుగా, వడ్డీ లేక, వ్రాసికొంటిమి. క్రొత్త సరుకు మాత్రము రొక్కమునకే యని చెప్పితిమి. మేమును టోకువర్తకుని యొద్దకు గడువునకు ముందే పోయి ఉన్నమాట చెప్పి, వాయిదాలు కోరితిమి. ముగ్గురు మేస్త్రీలు మరమ్మతు పనులు పట్టుకొని కడవరకు చెల్లించిరి. నాలుగవ వారు మాకు ముఖము చూపుటకు సిగ్గుపడి, దినవడ్డీ వ్యాపారి యొద్ద అప్పుచేసి మా బాకీ తీర్చబోయిరి. ఆ యప్పు వారి యింటిని మ్రింగినది. ముప్పదియేండ్లు గోడలు కట్టిన చేయి నేడొక కట్టడపు గుమ్మము కడ కావలి కాయుచున్నది. మేస్త్రీలారా, బాకీ పడుట అవమానము కాదు. బాకీ పడి మొగము చాటుచేయుటయే ముప్పు. దుకాణదారులారా, బాకీదారుని నలుగురిలో నిలదీయకుడు. లోపలికి పిలిచి లెక్క చూచుడు.

అయిదవ మాట కాగితములను గూర్చి. 2020లో కేంద్రప్రభుత్వము చిన్న వ్యాపారములకు హామీ లేని అత్యవసరపు అప్పు ఏర్పాటు చేసినది. మొదట నిర్ణయించినది 2020 ఫిబ్రవరి 29 నాటికి బ్యాంకులో నున్న అప్పులో నూటికి 20 వంతు. బ్యాంకు మొగమెరుగని మేస్త్రీకి సున్నలో ఇరువది వంతెంత? సున్నయే! ఆ యేడాదియే మహారాష్ట్రమున నమోదైన నిర్మాణ కార్మికుల ఖాతాలలో ఏప్రిలులో రెండేసి వేలు పడినవి. నమోదు కానివారికి పడలేదు. ఆ నమోదునకు కావలసినది, సంవత్సరమున 90 దినములు కట్టడపు పని చేసినట్లు పత్రము. ఆ పత్రము నీయవలసినది మేస్త్రీలు, కంట్రాక్టర్లే. ఒక సంతకమునకు బద్ధకించి కూలివాని నోటికూడు తీయుట న్యాయమా? అట్లే బ్యాంకులు ఆరు నెలలు వాయిదాల నాపినప్పుడు చాలమంది వడ్డీయు ఆగినదనుకొనిరి. అది ఆగలేదు, అసలులో చేరినది. సంతకము చేయకమునుపు చదువవలెను.

ఇచ్చట మన భాషా సమస్యయు గలదు. మన పెద్ద మేస్త్రీలు ఇంటిలో తెలుగు, బయట మరాఠీ, హిందీ మాటలాడుదురు. కాని ఒడంబడికలు ఇంగ్లీషున నుండును, ప్రభుత్వపు ఫారములు మరాఠీలో నుండును. ఏమి వ్రాసియున్నదో తెలియక వ్రేలిముద్ర వేసినవారు నేటికిని కలరు. మన బడుల నుండి, కాలేజీలనుండి వచ్చిన పిల్లలు మనకు మూడు భాషలు ఎరిగిన వకీళ్లవలె ఉపయోగపడవలెను.

ఆరవ మాట మనుష్యులను గూర్చి. పని తగ్గినపుడు పదిమందిలో అయిదుగురిని పంపివేయుట కంటె పదిమందికిని వారమునకు మూడేసి దినములు పంచుట మేలు. పంపివేసిన మంచి తాపీవాడు మరల దొరకడు. పని వచ్చిననాడు అనుభవము లేనివానితో చెడగొట్టుకొందుము. మరియు ఎంత కష్టము వచ్చినను పిల్లల బడి మాన్పించకుడు. ఆ మిగులు మూన్నాళ్ల ముచ్చట, ఆ నష్టము జీవితమంతయు.

పన్ను సొమ్మును గూర్చి ఒక ముక్క. బిల్లు వ్రాసిన తరువాత డబ్బు రాకున్నను జి.ఎస్.టి. గడువునకు చెల్లింపవలెను. ఆ సొమ్ము మనది కాదు. దానిని వేరు ఖాతాలో నుంచవలెను. 2025 సెప్టెంబరు 22 నుండి సిమెంటుపై పన్ను 28 నుండి 18కి తగ్గినది. పాత రేటుతో వేసిన అంచనాలను సరిచూచుకొనుడు.

కడపట సంఘమువారికి మూడు మనవులు. ఆదివారము ఉదయము సంఘ భవనమున రెండుగంటలసేపు ఫారములు నింపుటకు, ఒడంబడికలు చదివి తెలుగున వివరించుటకు నలుగురు యువకులను నియమింపుడు. మరమ్మతు పనులు ఎచ్చట నున్నవో, ఏ మేస్త్రీ ఖాళీగా నున్నాడో తెలుపు పట్టిక నొకదానిని ఈ పత్రికలోనే వారము వారము ప్రకటింపుడు. దుకాణదారులకు, మేస్త్రీలకు నడుమ బాకీ తగవు వచ్చినచో కోర్టునకు పోకమునుపు ఇద్దరిని కూర్చుండబెట్టి వాయిదాలు కుదుర్చుటకు అయిదుగురు పెద్దల నేర్పరుపుడు. ఆ అయిదుగురిలో ఇద్దరు మేస్త్రీలు ఉండవలెను. వర్తకులే కూర్చుండినచో అది న్యాయసభ కాదు, వసూలు సభ యగును.

నాలుగవ మేస్త్రీ గారివంటి వారు మరియొకరు మనలో ఉండరాదనియే మా కోరిక. అట్టివారి తలుపు తట్టుటకు దినవడ్డీ వ్యాపారి వచ్చుటకు ముందే మనము పోవలెను.