ఫారమీర్ కొరకు పాఠకుల పట్టుదల



చదివి మెచ్చిన నవల తెరకెక్కినపుడు కలుగు బాధ తెలుగు పాఠకులకు క్రొత్తది కాదు. ఆంగ్లేయుడైన టోల్కీన్ వ్రాసిన 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' 1954–55లో మూడు సంపుటములుగా వెలువడినది. మనుజుల మనస్సును చెరచు ఉంగరమును అగ్నిపర్వతమున పడవేయుటకు ఫ్రోడో అను పొట్టిజాతివాడు బయలుదేరుట అందలి కథ. పీటర్ జాక్సన్ దానిని 2001, 2002, 2003 సంవత్సరములలో మూడు చిత్రములుగా వెలువరించెను.

టామ్ బొంబడిల్ అను వింతపురుషుని తొలగించుటను అభిమానులు ఎట్లో సహించిరి. ఫారమీర్ విషయమున మాత్రము పలువురు సహింపలేకపోయిరి. గ్రంథమున ఈ సేనాని, ఉంగరము చేతికందు దూరమున నున్నను ఆశపడక, ఫ్రోడోను సాగనంపును. రెండవ చిత్రమున అతడే ఉంగరమును తండ్రికి సమర్పింపనెంచి, ఫ్రోడోను బందీగా కొనిపోయి, పిదప గాని విడువడు. లోభమునకు లొంగని మనుజుడొకడు గలడన్న ఊరటను హరించిరని పాఠకుల గోడు.

అందరిని లొంగదీయు ఉంగరము ఒక్కని యెదుట నిర్వీర్యమైనచో ప్రేక్షకులు దాని శక్తిని నమ్మరని చిత్రకర్తలు బదులిచ్చిరి. తెరకు ఈ వాదము కొంత తగినదే. కాని ఉంగరము బలమును నిలుపుటకై మనిషి బలమును తగ్గించినట్లయినది!

రచయిత కుమారుడు క్రిస్టఫర్ 2012లో ఒక ఫ్రెంచి పత్రికతో మాటలాడుచు, గ్రంథము నందలి సారమును తీసివేసి పడుచువారి పోరాటచిత్రముగా చేసిరని ఖండించెను. మూడవ చిత్రమునకో, 2004లో 11 ఆస్కారు బహుమతులు లభించినవి. చిత్రములు చూచిన పిదపనే గ్రంథమును చేపట్టినవారును పెక్కుమంది. అట్టివారు ఫారమీర్ ఘట్టమునకు వచ్చునప్పటికి, తాము తెరపై చూచినవాడు ఇతడు కాడే యని విస్తుపోవుదురు.