కీమో వార్డు కేస్ షీటు

 నర్సింగ్ పట్టభద్రుల సభలో వేదిక ఎక్కినవాళ్లు సేవ గురించి, త్యాగం గురించి మాట్లాడటం ఆనవాయితీ. ఈ ప్రసంగం మాత్రం కాగితాల గురించి.

బెట్సీ లేమన్ బోస్టన్ గ్లోబ్ పత్రికలో ఆరోగ్య విలేఖరి. 1994లో రొమ్ము కేన్సర్ చికిత్సకు డేనా-ఫార్బర్ కేన్సర్ సంస్థలో చేరారు. నాలుగు రోజులకు కలిపి ఇవ్వాల్సిన సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందు మోతాదును పొరబాటున ఒక్క రోజు మోతాదుగా రాశారు. నాలుగు రోజులూ అదే ఎక్కింది. డిసెంబర్ 3న ఆమె చనిపోయారు. కాగితాలకేం కొదవ లేదు. ఆ అంకె రోజుకా, మొత్తానికా అన్న అనుమానమే ఎవరికీ రాలేదు.

కాబట్టి వార్డులో రాత తగ్గించాలనేవాళ్లు ఏది తగ్గించాలో ముందు తేల్చుకోవాలి. డాక్సోరుబిసిన్ అనే కీమో మందు నరం దాటి బయటికి కారితే చుట్టుపక్కల కండ చచ్చిపోతుంది. సూది ఏ చేతికి, ఎక్కడ పెట్టారో, డ్రిప్ ఎప్పుడు మొదలైందో రాయాల్సిందే. రోగి బరువు సంగతి వేరు. కేస్ షీటులో ఒకసారి, రిజిస్టరులో ఒకసారి, కంప్యూటరులో ఇంకోసారి ఎక్కించడం శుద్ధ దండగ. దండగతో పోతే ఫరవాలేదు. మూడు చోట్ల మూడు బరువులు పడితే కీమో మోతాదు దేన్నిబట్టి లెక్కగట్టాలి?

రాయాల్సినదాన్నైనా స్పష్టంగా రాయాలి. కీమో రోగికి 'విరేచనాలు బాగా అవుతున్నాయి' అని రాస్తే నైట్ డ్యూటీ సిస్టర్‌కు ఏం అర్థమవుతుంది? మామూలు కన్నా రోజుకు 4 నుంచి 6 సార్లు ఎక్కువైతే తీవ్రతలో రెండో గ్రేడు, 7 లేదా ఆ పైన అయితే మూడోది. ఒక్క అంకె చాలు.

అసలు ఆ అంకె రోగే చెప్పొచ్చు. న్యూయార్క్‌లోని స్లోన్ కెటరింగ్ ఆస్పత్రిలో ఈతన్ బాష్ బృందం 766 మందితో అధ్యయనం చేసింది. అందరిదీ ముదిరిన కేన్సరే. కొందరు రోగులు 12 బాధలను తామే కంప్యూటరులో నమోదు చేశారు. ఏదైనా ముదిరితే నర్సుకు ఈమెయిల్ వెళ్లేది. 2017లో వెలువడిన ఫలితాల్లో అలా నమోదు చేసిన రోగుల మధ్యస్థ జీవితకాలం 31.2 నెలలు, మామూలు పద్ధతిలో చికిత్స పొందినవాళ్లది 26. కొన్ని ఖరీదైన కొత్త మందులు కూడా అంత తేడా చూపలేవు!

మన దగ్గర చదవడం రాని రోగులకు ఆ ప్రశ్నలే తెలుగులో అడిగి, జవాబు అక్కడికక్కడే నమోదు చేయొచ్చు. దానికి సమయం కావాలంటే, డ్యూటీలో చేరగానే వార్డులోని ఫారాలన్నీ ముందేసుకుని ఒకే వివరం ఎన్నిచోట్ల రాస్తున్నారో లెక్కపెట్టి, ఆ జాబితాను నర్సింగ్ సూపరింటెండెంట్ టేబుల్ మీద పెట్టాలి.