మౌసు చక్రం మొరాయించినప్పుడు

రాయదుర్గంలో మెట్రో రైలు దిగి వెలుపలికి వచ్చేవారికి పాతకాలపు రాతిగుండ్లు కొన్ని, కొత్తకాలపు అద్దాల మేడలు అనేకం కానవస్తవి. పొరుగున మాదాపూరులో 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించినది మొదలు ఈ మేడలు పెరుగుతూ వచ్చినవి. 2019 నవంబరు 29 నుంచి మెట్రో రైలు కూడా రాయదుర్గం వరకు నడుస్తున్నది. ఈ మేడలలో జరిగే పనిలో అధికభాగం అరచేతిలో ఇమిడే ఒక చిన్న పరికరం మీదుగా సాగుతుంది. దాని పేరు మౌసు. దాని నడినెత్తిన ఒక చిన్న చక్రం. ఆ చక్రం చెడితే ఏమి జరుగునో, దానికి చికిత్స ఏమిటో ఈ పూట మీతో ముచ్చటించదలచినాను.

ఇంత చిన్న వస్తువుకు ఒక ప్రసంగమా అని మీరు అడుగవచ్చును. మా పై అంతస్తులో ఉండే ఒక అమ్మాయి రాయదుర్గంలో ఒక కార్యాలయంలో పని చేస్తున్నది. మేడలు ఊడ్చి తుడిచే కార్మికుల హాజరు చూచి, నెలనెలా పనిదినాల సంఖ్యను కంప్యూటరులో ఎక్కించడం ఆమె ఉద్యోగం. చేరి నాలుగు నెలలైనది. ఇంకా ఖాయం కాలేదు. ఒకనాడు ఒక కార్మికురాలు ఆమె బల్ల ముందుకు వచ్చి, “నెలంత పనికి వచ్చిన గదమ్మా, ఒక రోజు యాడ పోయింది?” అని అడిగినది. పుస్తకంలో 26 రోజులున్నవి, కంప్యూటరులో 25. వెదకగా మరి ఇద్దరికి కూడా అట్లే ఒక్కొక్క రోజు తరిగినది. పై అధికారి అజాగ్రత్త అన్నాడు. ఆదివారం నాడు ఆ అమ్మాయి కన్నీళ్లతో మా ఇంటికి వచ్చి, “బాబాయిగారూ, నేను 26 అనే కొట్టాను. అంకె తానే మారింది” అన్నది. అంకె తనంత తాను మారుతుందా అని మొదట నేనూ నమ్మలేదు. మరునాడు ఆమె ఆ మౌసును తెచ్చి చూపినప్పుడు గాని నా సందేహం తీరలేదు.

మౌసు పుట్టిననాడు దానికి ఈ చక్రం లేదు. అమెరికాలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఊహించగా, సహచరుడు బిల్ ఇంగ్లిష్ 1960ల నడుమ నిర్మించిన తొలి మౌసు ఒక కొయ్యపెట్టె. దాని అడుగున రెండు చక్రాలు. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎంగెల్‌బార్ట్ దానిని సభాముఖంగా ప్రదర్శించినాడు. మనం వేలితో త్రిప్పే పైచక్రాన్ని ఇంటింటికీ చేర్చినది 1996లో వచ్చిన మైక్రోసాఫ్టు వారి ఇంటెలిమౌసు. ఆ సంస్థే రెండేండ్ల తరువాత హైదరాబాదులో తన అభివృద్ధి కేంద్రాన్ని నెలకొల్పినది.

ఇక చక్రం పనిచేసే తీరు. చక్రపు ఇరుసు ఒక ప్రక్కన ఎన్‌కోడరు అనే చిన్న డబ్బీలోకి దూరుతుంది. ఆ డబ్బీలో లోహపు పలకపై రాసుకుంటూ పోయే సన్నని తీగ నాలుకలుంటవి. చక్రం తిరిగినప్పుడు అవి తగులుతూ, వీడుతూ రెండు విద్యుత్ సంకేతాలను పంపుతవి. రెండెందుకు? ఒక్కటే అయితే చక్రం తిరిగినదని తెలుస్తుంది గాని ఏ దిక్కుకు తిరిగినదో తెలియదు. కోవెల వాకిటి జయవిజయులను తలచుకొనండి. భక్తుడు మొదట జయుని దాటి, పిదప విజయుని దాటితే లోపలికి పోయినట్లు. మొదట విజయుడు కేక వేస్తే బయటికి వచ్చినట్లు. మౌసు లోపలి చిప్పు చేసే లెక్క ఇదే: ఏ సంకేతం ముందు, ఏది వెనుక?

ఇప్పుడు జయునికి దగ్గు పట్టినదనుకొనండి. ఒక మారు కేక వేయవలసినవాడు మూడుమార్లు వేస్తాడు, లేదా అసలే మిన్నకుంటాడు. అప్పుడు లోపలికి పోయినవాడు బయటికి వచ్చినట్లు లెక్క తప్పుతుంది. నాలుకల నడుమ దుమ్ము చేరినా, లోహం మకిలపట్టినా, లోపలి గ్రీజు ఎండి గట్టిపడినా, నాలుకల బిగి సడలినా జరిగేది ఇదే. పుట క్రిందికి జరుపబోతే పైకి ఎగురుతుంది. చక్రాన్ని ముట్టకపోయినా, మౌసును ఎత్తి దించిన కుదుపుకే ఒక దొంగ సంకేతం పోవచ్చును.

ఆ అమ్మాయి విషయంలో జరిగినది సరిగా ఇదే. కొన్ని దరఖాస్తు ఫారాలలో అంకెలు నింపే గడి మీద చక్రం తిరిగితే, ఆ అంకె ఒకటి పెరుగుతుంది లేదా తగ్గుతుంది. ఆమె 26 అని కొట్టి మౌసు కదిపేది. దొంగ సంకేతం పోయేది. 26 కాస్తా 25 అయ్యేది. ఒక్క అంకె మారితే కంటికి ఆనదు. నా దృష్టిలో ఆ ఫారం తయారుచేసినవారిది కూడా తప్పే; కూలి డబ్బు లెక్కించే గడిని చక్రానికి అప్పగించడమేమిటి? ఏమైనా, అంకె కొట్టిన వెంటనే ఖాళీచోట ఒకసారి నొక్కి, ఆ తరువాతనే చక్రం తిప్పడం మంచిది.

చక్రం సరిగా లేదనిపించినప్పుడు వెంటనే మౌసును విప్పవద్దు. ముందుగా దానిని మరొక కంప్యూటరుకు తగిలించి చూడండి. అక్కడ బాగుంటే దోషం మౌసులో లేదు. చక్రం తిప్పగానే పుట జరగక అక్షరాలు పెద్దవీ చిన్నవీ అవుతుంటే, కీబోర్డులో కంట్రోల్ మీట ఇరుక్కొని ఉన్నదేమో చూడండి. చాలామంది ఇక్కడనే మోసపోతారు. తీగ లేని మౌసు అయితే బ్యాటరీ మార్చండి; దాని రిసీవరును యు.ఎస్.బి. 3 డ్రైవులకు దూరంగా పెట్టండి. అవి వెదజల్లే రేడియో రొద మౌసు వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలకు అడ్డుతగులుతుంది. రొద సంగతి రేడియో శ్రోతలకు నేను చెప్పనక్కరలేదు. ఒక మెట్టుకు ఎన్ని పంక్తులు జరగవలెనో కంప్యూటరు అమరికలలో మార్చుకోవచ్చును. విండోసులో మామూలుగా మూడు.

ఇవన్నీ చూచినా దోషం పోకుంటే శుభ్రపరచడమే. తీగ ఊడదీయండి లేదా బ్యాటరీ తీసివేయండి. మౌసును తలక్రిందులుగా పట్టి చక్రపు సందులలో గాలి ఊదండి. నోటితో కాదు, తడి పోతుంది. చక్రాన్ని ఇరువైపులా వడిగా వంద మార్లు త్రిప్పితే మకిలి కొంత రాలవచ్చును. అప్పటికీ తీరకపోతే విప్పవలెను. స్క్రూలు తరచుగా అడుగున అంటించిన జారుడు పాదాల క్రింద దాగి ఉంటవి. కొన్ని మౌసులలో తీగ నాలుకలు ఉండవు. కంటికి కనబడని పరారుణ కాంతి చక్రపు రంధ్రాల గుండా పోతుంది. అక్కడ ఒక వెంట్రుక చాలు, దారి మూసుకొనుటకు. దానిని తీసివేస్తే సరి. నాలుకల డబ్బీ అయితే ఐసోప్రొపిల్ ఆల్కహాలు ఒకటి రెండు చుక్కలు గాని, కాంటాక్టు క్లీనరు గాని వేసి, చక్రం త్రిప్పి, పూర్తిగా ఆరిన తరువాతనే మూయండి. దగ్గర దీపం, పొయ్యి ఉండరాదు. కొబ్బరినూనె, కుట్టుమిషను నూనె మాత్రం వద్దు. రెండు రోజులు హాయిగా తిరిగి, పిదప దుమ్మునంతా తనలోకి పీల్చుకుంటుంది.

నేను ఆల్కహాలుతో చేసిన వైద్యం మూడు వారాలు నిలిచినది. నాలుకలు అరిగిపోయినప్పుడు అంతకు మించి నిలువదు. సికింద్రాబాదులో పార్క్‌లేన్ వద్ద చెనాయ్ ట్రేడ్ సెంటరుకు పోయి కొత్త ఎన్‌కోడరు తెచ్చినాను. మూడు కాళ్లే గదా, ఏదైతేనేమి అనుకొన్నాను. తీరా టంకం వేసి చూస్తే చక్రం పైకప్పుకు రాచుకొన్నది. ఇరుసు రంధ్రపు ఎత్తు 9 మిల్లీమీటర్లు ఉండవలసినది, నేను తెచ్చినది 11. మళ్లీ ప్రయాణం. టంకం పని రానివారు కొత్త మౌసు కొనుక్కోవడమే లాభం. నా రెండు ప్రయాణాల ఖర్చుతో అదీ వచ్చేది.

అయితే పాత మౌసును ఆ అమ్మాయి పారవేయనీయలేదు. దానిని విప్పకముందే, కుదిపితే అంకె మారడాన్ని ఫోనులో చిత్రీకరించి పై అధికారికి చూపినది. ఆయన హాజరు పుస్తకం తెప్పించి గడచిన నాలుగు నెలల లెక్కలు తిరిగి సరిచూడమన్నాడు. ఆ మరుసటి జీతంలో ఆ కార్మికురాలికి 27 రోజులు జమపడినవి: 26 ఆ నెలవి, ఒకటి పాతది.